మూడోనాటి కూర

"బాగుండాది. ఇప్పటికి గదా ముక్కకు పులుసు పట్టింది," అనింది మునిరత్నమ్మ. సట్టి మీదికి వంగి, కళ్ళు మూసుకుని, ఎప్పటి మాదిరే మూడుసార్లు గాలి పీల్చి ఆ మాట అనేసి, మూకుడు మూసి, సంగటికి ఎసురు పెట్టడానికి పొయ్యి దగ్గరికి జరిగింది. వంటింటి గడప మీద కూర్చుని మునగాకు దూస్తున్న మునిలక్ష్మి చేతులు ఆగిపోయినాయి. మూకుడు తెరిచి మూసిన ఆ కాసేపట్లోనే సట్టిలోంచి లేచిన వాసన గడప దాకా వచ్చి ఆమె ముక్కు కిందనే కూర్చుంది. ధనియాలు, లవంగం, చింతపండు, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. వాటి కిందనే ఇంకొకటి ఉంది. తడిగుడ్డను మూలకేసి మరిచిపోతే వచ్చేలాంటిది, కొంచెం పులుపు, కొంచెం తీపి. చెడిపోయింది, అనుకుంది. అనుకున్న మరుక్షణమే, నాకెట్ల తెలుసు, అనుకుంది. ఈ ఇంట్లో ఏది బాగుందో ఏది చెడిపోయిందో చెప్పేది వదిన మునిరత్నమ్మ. ఆరేండ్లుగా వదినే. మునిలక్ష్మి మొగుడు ధనంజయకు అక్క, తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన అక్క, పెళ్ళయిన రెండో ఏడే మొగుడు పోయి ఈ ఇంటికే తిరిగొచ్చి, ఈ పొయ్యి ముందర కూర్చుని మళ్ళీ లేవని అక్క.

మంగళవారం గంగజాతర. పాకాల ఊరంతా వేపాకు, కోళ్ళు, మేకపోతులు. వాళ్ళ వాటాకు వచ్చిన మాంసం వదినే వండింది, ఈ సట్టిలోనే. మంగళవారం తిన్నప్పుడు కారం కారంగా ఉండింది, ముక్కా పులుసూ ఇంకా ఒకదానికొకటి కొత్తగా ఉండినాయి. బుధవారం మళ్ళీ పొయ్యి మీద కాంచి తిన్నప్పుడు, అబ్బ, అదీ రుచి, ధనంజయ రెండు ముద్దల సంగటి ఎక్కువ తిన్నాడు, వేళ్ళు నాకినాడు, పాప ఎముక చేత్తో పట్టుకుని వీధిలోకి పోయి చూపించుకుని వచ్చింది. రెండోనాటి కూరంత రుచి ప్రపంచంలో ఇంకోటి లేదు, నిజమే, కానీ ఈపొద్దు గురువారం, మే నెల ఎండ, గోడ ముట్టుకుంటే కాలుతోంది, సట్టిలో ఇంకా ఎనిమిదో తొమ్మిదో ముక్కలున్నాయి. రాత్రి కాంచింటే ఏమీ కాకపోయేది. రాత్రి కాంచి పెట్టు అని వదిన చెప్పింది కూడా, చెప్పి వాకిట్లో మంచం మీద పడుకుంది, మునిలక్ష్మి ఊ అనింది, అని లోపలికి వచ్చి వంటింటి బోకులు ఒక పక్కకు తీసి చూసుకుంటా కూర్చుంది, ఏవి పలమనేరుకు, ఏవి ఇక్కడ. ఇత్తడి చెంబు అక్కడికి. పుట్టింటి జల్లెడ అక్కడికి. ఈ సట్టి ఇక్కడే. చేతిలో జల్లెడ పట్టుకుని, ఇంకా కంటితో చూడని ఆ వంటింట్లో దాన్ని ఏ మేకుకు తగిలించాలా అని ఆలోచిస్తా ఆలోచిస్తా నిద్రపోయింది. కూర సంగతి మళ్ళీ గుర్తుకొచ్చింది ఇప్పుడే, ఈ వాసనతోనే.

ధనంజయ పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. పలమనేరుకు బదిలీ కాగితం వచ్చి పదైదు దినాలయింది. నాకు ఈ ఇల్లే, నేను యాడికీ రాను, మీరు పోండి అని వదిన ఆపొద్దే తేల్చి చెప్పింది. ధనంజయ రెండు దినాలు ముఖం వేలాడేసుకుని తిరిగి, మూడోనాడు సరే అన్నాడు. ఆ సరే విన్నప్పుడు మునిలక్ష్మి పెరట్లో గుడ్డలు ఆరేస్తోంది, తడి చీర వెనకాల నిలబడి చాలాసేపు బయటికి రాలేదు, ముఖంలో ఉన్నది ఎవరూ చూడకూడదని. ఒక గది, ఒక వంటిల్లు, అంతే చాలు. పొయ్యి దగ్గర తను కూర్చుంటుంది. తను ఉప్పు వేస్తుంది. ఇది బాగుంది, ఇది బాగలేదు అని తనే చెబుతుంది, చెడిపోయిందనిపిస్తే ఎవరినీ అడక్కుండా పారేస్తుంది. అదేం పెద్ద కోరిక. కానీ కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే, ముందునాటి పప్పుచారు నురగగా కనిపించి కుడితి తొట్లో పోసేస్తే, వదిన తొట్టి దగ్గర నిలబడి, పక్కింటి వరలక్ష్మమ్మ గోడ మీంచి చూస్తా ఉండగానే, "నీకు ముక్కుండాదా మే? ముక్కుండే మనిషి బువ్వ పారబోస్తాదా?" అనింది. గట్టిగా కూడా అనలేదు. మెల్లగా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. ఆపొద్దు నుంచి మునిలక్ష్మి దేనికీ ముక్కు పెట్టలేదు. పెరుగు పులిసిందా, వదినకు చూపించు. ఊరగాయ బూజు పట్టిందా, వదినకు చూపించు. ఆరేండ్లు వాడకపోతే చెయ్యి అయినా పట్టు తప్పుతుంది, ముక్కు తప్పదా.

అదీగాక ఇంకొకటి ఉంది. రెండు నెలలయింది తను బయట కూర్చోక. మొగుడికింకా చెప్పలేదు, మూడో నెల పడనీ అనుకుంది. పాప కడుపులో ఉన్నప్పుడూ ఇట్లే, అన్నం ఉడికే వాసన, కొత్త చీర వాసన, మొగుడి చొక్కా వాసన, చివరికి తన చేతి వాసన, అన్నీ కుళ్ళినట్టే ఉండేవి. అప్పుడు పొద్దున్నే పితికిన పాలు చెడిపోయినాయని చెబితే వదిన నవ్వింది. మరి ఈ వాసన సట్టిలోదా, తనలోదా. తన కడుపులోంచి లేచి సట్టి మీద వాలిందా. ఎవర్ని అడగాలి. అడగాల్సిన మనిషి అడక్కముందే చెప్పేసింది గదా, బాగుండాది అని. బాగున్నట్టే. దూయి, మునగాకు దూయి, ఇంక ఆలోచించొద్దు.

దూసింది. ఆకు రాలుతా ఉంటే ఇంకోటి రాలింది మనసులోకి, ఉగాదికి ముందర పాలు మాడిన పొద్దు. తను బావి దగ్గర ఉండింది, మాడు వాసన బావి దాకా వచ్చింది, పరిగెత్తుకుంటా లోపలికొస్తే వదిన పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది, పొగ కంటికి తగిలినాకనే తలెత్తింది. కాళ్ళు పట్టుకున్నాయి, లేవలేకపోయినాను, అనింది. కాళ్ళు పట్టుకున్న మనిషి ఆ తరవాత గబుక్కున లేచి గిన్నె దించింది. అప్పుడు అది మనసుకు తట్టలేదు. పాపకు తలంటి సాంబ్రాణి పట్టినాక వదిన ఆ జుట్టులోకి ముక్కు దూర్చి, నా తల్లి, అని ఒక ఊపిరి పీల్చేది, పాప చక్కిలిగిలికి మెలికలు తిరిగేది. ఈ మధ్య జుట్టు మీద చేత్తో నిమిరి పంపించేస్తోంది. ఎప్పటినుంచి. వీధి చివర ఎవరింట్లో మిరపకాయలు వేగినా, ఈపొద్దు సుబ్బన్నింట్లో కోడికూర అని కూర్చున్న చోటి నుంచే చెప్పే మనిషి, చెప్పి ఎన్నాళ్ళయింది. శివరాత్రికి వచ్చిన జలుబు జ్వరం. పది దినాలు పడుకుని లేచింది. ఆ తరవాత ఒక్కసారైనా ఆమె నోట ఒక వాసన పేరు విన్నానా. మునిలక్ష్మి వెదికింది, వైశాఖం, చైత్రం, ఫాల్గుణం, దినం దినం తడుముకుంటా వెనక్కి పోయింది, దొరకలేదు.

లేచింది. ఎందుకు లేచిందో తనకే సరిగ్గా తెలీదు. స్టవ్వు తుడిచే గుడ్డ కిరసనాయిలుతో తడిసి మూలన ఉంది, దాన్ని తీసుకుని, వదిన వెనకాల గూట్లో ఏదో తుడుస్తున్నట్టు నిలబడి, ఆ గుడ్డను ఆమె భుజం దాకా, చెవి దాకా, చెంపకు జానెడు దూరం దాకా తీసుకుపోయింది. తన కళ్ళల్లోనే నీళ్ళు తిరిగినాయి ఆ ఘాటుకు. వదిన పిండి కొలిచి పోసుకుంటా ఉంది. "ఎసురు మరిగింది, నూక ఎయ్యి," అనింది, వెనక్కి తిరక్కుండానే. మునిలక్ష్మి గుడ్డను కింద పడేసింది. గుడ్డివాళ్ళ కంటి ముందర వేళ్ళాడించి చూసే పోకిరి పిల్లల పని అది. ముఖమంతా మంటగా అయిపోయింది సిగ్గుతో. సిగ్గుతో పాటు ఇంకొకటి, చల్లగా, వీపు మీద జారింది. ఈ మనిషికి వాసన తెలీదు. ఈ మనిషి కళ్ళు మూసుకుని మూడుసార్లు పీల్చింది వట్టి గాలి.

అంటే తనకు ముక్కుంది. అంటే కూర చెడిపోయింది. పన్నెండుకు పాపకు పెడుతుంది వదిన, ఎప్పుడూ తనే పెడుతుంది, సంగటి ముద్దలో పులుసు కలిపి. పన్నెండున్నరకు ధనంజయ వస్తాడు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, చెబితే ఏమవుతుంది. వదినా, కూర చెడిపోయింది. యాడ చెడిపోయింది, నేను సూసినాను గదా. నీకు వాసన తెలీదు వదినా. ఆ మాట ఒకసారి బయటికొచ్చినాక ఇంక లోపలికి పోదు. సాయంత్రానికి ధనంజయకు తెలుస్తుంది. తెలిసిన గంటలోనే అతను అంటాడు, ఏమంటాడో అక్షరం అక్షరం వినిపిస్తోంది, అక్కనట్ల ఒంటిగా ఇడిచిపెట్టి ఎట్ల పోయేది, పాలు మాడినా తెలీదు, పొయ్యి మీద గుడ్డ కాలినా తెలీదు. నిజమే గదా. అతను అనేది నిజమే. అప్పుడు ఆ ఒక గదీ, ఆ వంటిల్లూ, ఆ మేకూ పోతాయి. ధనంజయ వారానికొకసారి వచ్చిపోతా, తను ఈ గడప మీదే మునగాకు దూస్తా, ఇంకో బిడ్డను ఈ ఇంట్లోనే కంటా, ముక్కు లేని మనిషికి ముక్కుగా. చెప్పకపోతే. చెప్పకపోతే పలమనేరు పోవడానికి ఇంక పద్దెనిమిది దినాలు. పద్దెనిమిది దినాలు కళ్ళు మూసుకుంటే తన పొయ్యి తనకు. ఆ తరవాత ఈమె ఏం తింటుందో, ఏం పీల్చుకుని బాగుండాది అనుకుంటుందో, తనకెందుకు. తనకెందుకు అన్న మాట మనసులో అనుకుని చూసింది. అది నిలబడలేదు. మళ్ళీ అనుకుంది. ఈసారి కొంచెం నిలబడింది, దానికే భయమేసింది.

వదిన చెంబు తీసుకుని పెరట్లోకి పోయింది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి పోవడం, అని లెక్క తగిలింది గానీ ఆ లెక్క మీద మనసు నిలవలేదు, మనసంతా సట్టి మీదే. ఇప్పుడే. మునిలక్ష్మి మూకుడు తీసింది. పైన నూనె ఎర్రగా, అందంగానే తేరుకుని ఉంది. గెంటె పెట్టి కదిపితే అడుగు నుంచి సన్నటి బుడగలు లేచి నూనె కింద ఆగి, ఒకటొకటే పగిలినాయి. పొయ్యి మీద లేని కూర బుడగలెందుకు వేస్తుంది. గెంటె పైకెత్తితే చివర పులుసు తెగకుండా తీగలాగా సాగింది. వేలితో ఒక చుక్క నాలుక మీద పెట్టుకుంది. మొదట ఉప్పు, కారం, అంతా సరిగ్గానే ఉంది, ఒక్క క్షణం అయ్యో నేనే తప్పు అనుకునేంత సరిగ్గా ఉంది, ఆ తరవాత నాలుక అంచు చురుక్కుమంది. బయటికి ఉమ్మేసి నోరు కడుక్కుంది. ఇంక తన కడుపు మీద నెపం పెట్టే వీల్లేదు. ఇంక ఏ నెపమూ లేదు. సట్టిని చేజార్చి పగలగొడితే. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, నాలుగు తిట్లు తింటే చాలు. రెండు చేతులూ సట్టి అంచుల మీద వేసింది. ఈపొద్దు సట్టి పగులుతుంది. రేపు పెరుగు. ఎల్లుండి ఇంకేదో. పద్దెనిమిది దినాలు ఏమేమి పగలగొడుతుంది. ఆ తరవాత ఈ ఇంట్లో పగలగొట్టేవాళ్ళెవరు.

వదిన వచ్చేసింది. కాళ్ళు కడుక్కుని, కంచంలో సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి, గెంటెడు పులుసు పోసి, మెత్తటి ముక్క ఒకటి ఏరి, "పాపా, రామ్మా," అని పిలిచింది. పాప చింతపిక్కలు వదిలేసి వచ్చి అత్త ముందర చతికిలబడి, "అత్తా, ఎముక," అని నోరు తెరిచింది. వదిన వేళ్ళు ముద్ద చేసి పైకెత్తినాయి.

మునిలక్ష్మి ఆ మణికట్టు పట్టుకుంది. అన్ని దారులూ ఆలోచించిన మనసు ఆ క్షణంలో ఎక్కడుందో తెలీదు, చెయ్యి ఒక్కటే పోయి పట్టుకుంది.

"పెట్టొద్దు వదినా. చెడిపోయింది."

"నేను సూసినాను గదా మే." గొంతు మామూలుగానే ఉంది. "నీకిప్పుడు అట్లనే ఉంటాది. నువ్వు బయట కూసోక రెండు నెలలయింది, నాకు తెలీదా. కడుపులో ఉండేది అట్ల వాసన పుట్టిస్తాది."

"తీగ సాగతా ఉండాది. నాలిక మీద ఏసి సూసినాను. రాత్రి నేను కాంచలేదు వదినా, మర్చిపోయినాను." ఊపిరి తీసుకుంది. "నీకు వాసన తెలీడం లేదు."

ముద్ద పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. పాప ఇద్దర్నీ చూసి నోరు మూసుకుంది. మునిరత్నమ్మ ముద్దను కంచంలో పెట్టి, కంచాన్ని పక్కకు జరిపి, పాపకు ఒక బెల్లం ముక్క ఇచ్చి వాకిట్లోకి పంపించింది. పొయ్యిలో కట్టెను వెనక్కి లాగింది. తిడుతుందనుకుంది మునిలక్ష్మి. తిట్టి ఉంటే బాగుండేది.

"శివరాత్రి జొరం నించి," అనింది చివరికి. "ఏదీ తెలీదు. పూలు పెట్టుకున్నా తెలీదు. ఉప్పు, కారం నాలిక్కి తగల్తాయి, అంతే."

"మరి ఇన్నాళ్ళూ ఎట్ల సూస్తా ఉండావు?"

"తిని." గోడకు ఆనుకుంది. "మా అమ్మ వాంతిబేదితో పొయ్యేనాటికి నాకు పన్నెండేండ్లు. మీ ఆయన పాలు తాగే బిడ్డ. మా నాయన రైలుకట్ట పనికి పోతే మూడు దినాలకొకసారి వచ్చేది. పెండ్లిండ్లలో మిగిలింది తెచ్చి పెట్టేదాన్ని వాడికి. ఏది మంచిదో ఏది కాదో నాకేం తెలస్తాది, నేనే ముందర తిని, కాట్పాడి రైలుబండి వచ్చి, మళ్ళా తిరపతి బండి వచ్చి పొయ్యేదాకా కూసునేదాన్ని. నాకేమీ కాకపోతే వాడికి పెట్టేదాన్ని. ముక్కు తరవాత వచ్చింది మే. ముందర కడుపే." చేతివేళ్ళకు అంటిన సంగటి చూసుకుంటా అనింది, "ఇప్పుడూ అదే. ఏది మిగిలినా తెల్లార్తో నేను ముందర తింటా ఉండాను. ఈపొద్దు రెండు ముక్కలు తిన్నాను. రెండు బండ్లూ పోయినాయి."

మూడుసార్లు చెంబు. లెక్క ఇప్పుడు వచ్చి మునిలక్ష్మి గుండె మీద కూర్చుంది. వదిన నుదుటి మీద చెమట, పెదాల చుట్టూ తెలుపు, పొయ్యి వేడికనుకుంది ఇంతసేపూ. తను మరిచిపోయిన కూర. జల్లెడ పట్టుకుని తను కలలు కంటా మరిచిపోయిన కూర ఈమె కడుపులో ఉంది. "కడుపులో ఎట్లుండాది వదినా?" అంటే, "నాకేం కాలా," అని లేవబోయి, లేవలేక గోడ పట్టుకుంది.

ఆ తరవాత మునిలక్ష్మి ఆలోచించలేదు. ఆమెను చాప మీద పడుకోబెట్టి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు గ్లాసు తరవాత గ్లాసు తాగించింది. రెండుసార్లు వాంతి అయితే తల పట్టుకుంది. సట్టిలోదాన్నీ కంచంలోదాన్నీ పెరట్లో గుంత తీసి పోసి, కుక్కలు తవ్వకుండా బూడిద, దాని మీద మట్టి, దాని మీద రాయి వేసింది. తిరిగొచ్చేసరికి వదినకు కాస్త తెరిపి వచ్చింది. కళ్ళు మూసుకునే అనింది, "వాడికి సెప్పొద్దు. మీరు పోండి. ఈడ నేనొక్కదాన్నే గదా, నాకేమైనా నాకే అవతాది." బతిమాలినట్టు లేదు, దయ చూపించినట్టూ లేదు, ఊరికే ఉన్నమాట చెప్పినట్టుంది. మునిలక్ష్మి ఆ చాప పక్కన చేతుల మట్టి ఎండిపోతా ఉంటే అట్లే కూర్చుంది. తలుపు తెరిచే ఉంది. ఈమే తెరిచి పెట్టింది. పొమ్మంటోంది. పోవాల్సిన కాళ్ళు మాత్రం ఎవరో కట్టేసినట్టు కదలడం లేదు.

పన్నెండున్నరకు ధనంజయ వచ్చి, చొక్కా విప్పి తగిలించి, అక్క పడుకుని ఉండడం చూసి ఏమయిందన్నాడు. కడుపు సరిగా లేదంట, అనింది మునిలక్ష్మి. సంగటి, మునగాకు తాలింపు, మజ్జిగ పెట్టింది. కూర యాడ, అన్నాడు. "చెడిపోయింది. రాత్రి నేను కాంచలేదు."

"అక్క సూడలేదా?"

చాప మీద మునిరత్నమ్మ గోడవైపు తిరిగింది. "నేనే సూసినాను," అనింది మునిలక్ష్మి. "నేనే పారేసినాను." ధనంజయ విసుక్కున్నాడు గానీ ఆకలి మీద ఉన్నాడు, తినడం మొదలుపెట్టి, పలమనేరు ఆస్పత్రిలో పనిచేసే కుప్పయ్య ఒక గది చూసి పెట్టినాడని, ఆదివారం పోయి చూసొస్తానని చెప్పుకుంటా పోయినాడు. మంచి గదంట, వంటింటికి కిటికీ కూడా ఉందంట. ఆ కిటికీ మునిలక్ష్మి కళ్ళముందర తెరుచుకుంది, వెలుతురు పడే గోడ, మేకు, జల్లెడ, అంతా ఒక్కసారి కనిపించింది. మజ్జిగ పోస్తా ఉన్న చేతిని నిలిపి, "ఒక గది సాలదు," అనింది.

"ముగ్గురికి ఎందుకు సాలదు?"

"ఐదుగురం."

ధనంజయ తల ఎత్తి ఆమెను చూసినాడు, ఆమె పొట్టను చూసినాడు, ముఖం విచ్చుకోబోయి, మళ్ళీ లెక్క కుదరక ఆగిపోయి, వేళ్ళ మీద ఎంచుకున్నాడు. నాలుగో వేలు దాకా వచ్చి చాప వైపు తిరిగినాడు. మునిరత్నమ్మ గోడవైపే ఉంది. వద్దంటుందని కాచుకుంది మునిలక్ష్మి, వద్దంటే బాగుండునని కూడా అనుకుంది, ఒక్కసారి, చాలా గట్టిగా. వాకిట్లో పాప చింతపిక్కలు ఎగరేస్తా లెక్కబెట్టుకుంటోంది.

ఇంకా గోడవైపు తిరిగే మునిరత్నమ్మ అనింది:

"పలమనేరులో సలి అంట గదా. ఆడ కూర మూడు దినాలైనా ఏమీ కాదంట."